కడపలో ఎక్కడ తినాలని కాదు, ఎన్ని గంటలకు తినాలని అడగండి

(కడపలో ఒక పాఠకుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం.

నన్ను పిలిచిన మిత్రులు ఫోన్‌లోనే విషయం తేల్చేశారు. "అన్నా, కడప టౌన్‌లో, చుట్టుపక్కల మంచి చిన్న హోటళ్ళు ఒక పది పేర్లు చెప్పు, పిల్లోళ్ళు రాసుకుంటారు" అన్నారు. ముందు వరసలో కొందరు పెన్నూ పుస్తకమూ పట్టుకుని కూర్చున్నారు కూడా. వాళ్ళకు ముందే చెప్తున్నా, నేను పేర్లు చెప్పను. (నవ్వులు)

కారణం ఉంది. నేను చాలా ఏళ్ళు ఈ ఊళ్ళో హోటళ్ళకు సరుకు వేశాను. మినపపప్పు, బియ్యం, పప్పులు, ఎండుమిరపకాయలు, చింతపండు, నూనె డబ్బాలు. సరుకు దించడానికి వెనక వైపు నుంచి వంటింట్లోకి పోతాం కాబట్టి, ముందు గదిలో కూర్చుని తినేవాళ్ళకు కనపడనివి కొన్ని మాకు కనపడతాయి. అందులో మొదటిది, చిన్న హోటల్లో రుచి బోర్డును నమ్ముకుని ఉండదు, వంట మాస్టర్‌ను నమ్ముకుని ఉంటుంది. మాస్టర్ అడ్వాన్సు తీసుకుని వేరే వీధిలో చేరాడంటే కొన్ని రోజుల్లోనే గిరాకీ కూడా ఆయన వెనకే నడుస్తుంది. పాత హోటల్ బోర్డు మాత్రం అక్కడే వెలుగుతూ ఉంటుంది. ఇవాళ నేను ఒక పేరు చెప్పి, మీరు సంక్రాంతికి పోయి తిని, "ఆ పెద్దమనిషి ఏం చెప్పాడ్రా" అనుకుంటే నాకెందుకు ఆ మాట?

రెండోది ఇంకా ముఖ్యం. పెద్ద హోటల్లో ఫ్రిజ్‌లు ఉంటాయి, ఉదయం పదికి అడిగినా రాత్రి పదికి అడిగినా ఒకే మెనూ, ఒకే మాదిరి గ్రేవీ. చిన్న హోటల్లో దాచుకునే చోటుండదు. వండిందంతా ఆ రెండు గంటల్లో అమ్ముడుపోవాలి. అందుకని అక్కడ ప్రతి పదార్థానికీ ఒక వేళ ఉంటుంది. ఆ వేళకు పోతే మామూలు బండి దగ్గర కూడా అద్భుతంగా తింటారు. తప్పిపోతే ఎంత పేరున్న చోటైనా మీకు దొరికేది మిగిలింది మాత్రమే. కాబట్టి ఎవరినైనా అడిగేటప్పుడు "కారం దోశ ఎక్కడ బాగుంటుంది" అని ఊరుకోకండి, "అక్కడ ఎన్ని గంటలకు బాగుంటుంది" అని కూడా అడగండి. సరైన మనిషైతే టైము చెప్తాడు. టైము చెప్పలేనివాడు అక్కడ తినలేదని అర్థం.

సరే, పొద్దున్నించి మొదలుపెడదాం.

ఆర్టీసీ బస్టాండు చుట్టూ, రైల్వే స్టేషన్ రోడ్డులో, కూరగాయల మార్కెట్ దగ్గర తెల్లవారకముందే టీ బండ్లు లేస్తాయి. ఇడ్లీ ఆరింటికి సిద్ధం. మార్కెట్లో మూటలు దించే హమాలీలు, తొలి బస్సు డ్రైవర్లు, కండక్టర్లు తినే తిండి అది. వాళ్ళకు టైము తక్కువ, ఆకలి ఎక్కువ. అక్కడ చట్నీ పలచగా ఉందంటే గొడవే. నా అనుభవంలో టౌన్‌లో గట్టి చెనిక్కాయల (వేరుశనగల) చట్నీ దొరికేది ఆ గంటలోనే. ఎనిమిది దాటాక అదే గిన్నెలో చెంబుడు నీళ్ళు పడతాయి. ఆ నీళ్ళు పడే వేళకు ఆఫీసు వాళ్ళు వస్తారు. (నవ్వులు)

ఇక కారం దోశ. దీని గురించి కాస్త నిదానంగా మాట్లాడతాను, కడపకు వచ్చిన బంధువులందరూ మొదట అడిగేది దీన్నే.

ఎప్పుడైనా పెనం ముందు ఐదు నిమిషాలు ఊరికే నిలబడి చూడండి. మాస్టర్‌కు ఒక పక్క పిండి బేసిన్, ఇంకో పక్క మూడు గిన్నెలు. ఎర్రకారం, పప్పుల (పుట్నాల) పొడి, నూనె. ముందు పెనం మీద నీళ్ళు చల్లుతాడు. చుయ్ మంటుంది. ఈనెల చీపురుతో ఒక్క తుడుపు తుడుస్తాడు. నూనెలో ముంచిన ఎర్రగడ్డ చెక్కతో రుద్దుతాడు. ఆ నీళ్ళు శుభ్రం కోసమని చాలామంది అనుకుంటారు. అసలు పని పెనం వేడి తగ్గించడం. పెనం మరీ కాలి ఉంటే పిండి గిన్నె అడుగుకే అంటుకుని లేచొస్తుంది, గుండ్రంగా తిరగదు. పిండి వేసి తిప్పాక కాస్త తడి ఆరనిస్తాడు. అప్పుడు ఎర్రకారం ముద్ద తీసుకుని గరిటె వెనక వైపుతో అంచుల దాకా పూస్తాడు. దాని మీద పప్పుల పొడి చల్లి, చుట్టూ నూనె వేసి, మంట తగ్గిస్తాడు.

మంట తగ్గించే ఆ పని చేసేవాడే మాస్టర్. ఎందుకంటే ఎర్రకారం పచ్చిది. ఎండుమిరపకాయలు నానబెట్టి, ఎర్రగడ్డలు, తెల్లగడ్డలు, ఉప్పు వేసి నూరిన ముద్ద. దాని పచ్చివాసన దోశ మీదే పోవాలి, దోశ కాలే వేడితోనే పోవాలి. దానికి నిదానం కావాలి. పప్పుల పొడికి కూడా పని ఉంది. ఎర్రగడ్డల నుంచి దిగే తడిని అది పీల్చుకుంటుంది, లేకపోతే దోశ నడుమ మెత్తబడి చినిగిపోతుంది. కారాన్ని కూడా కాస్త దించుతుంది.

ఇప్పుడు టైము సంగతి చూడండి. ఎనిమిదిన్నరకు కాలేజీలు, ఆఫీసులు. కోటిరెడ్డి సర్కిల్ వైపు, ఎర్రముక్కపల్లి వైపు, చిన్నచౌకు వైపు ఏ బండి చూసినా జనం. మాస్టర్ ముందు పదిమంది చేతులు చాపి నిలబడి ఉంటే ఆయన ఏం చేస్తాడు? మంట పెంచుతాడు. దోశ కింద మాడుతుంది, పైన కారం పచ్చిగానే ఉంటుంది. మధ్యాహ్నం దాకా నోట్లో తెల్లగడ్డ వాసన, కడుపులో మంట. తప్పు కారానిది అనుకుంటాం. కాబట్టి కారం దోశ తినాలంటే ఏడింటికే పోండి, లేదా రద్దీ తగ్గాక తొమ్మిదిన్నరకు పోండి. ఎండాకాలంలో మాత్రం ఆ రెండో మాట పనికిరాదు. మే నెలలో మన ఊళ్ళో 43, 44 డిగ్రీలు మామూలే. రాత్రి రుబ్బిన పిండి పొద్దున తొమ్మిదికే పులిసి కూర్చుంటుంది. ఎర్రగడ్డలు నూరిన ముద్ద కూడా నిలవ ఉండే కొద్దీ చేదెక్కుతుంది. డిసెంబర్‌లో తిరగబడుతుంది కథ. చలికి పిండి పొంగదు, తొలి దోశలు గట్టిగా వస్తాయి, ఎండ కాస్త వచ్చాక పోవడమే మేలు.

ఎర్రగడ్డల మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న పక్కదారి. మన జిల్లాలో పండే కృష్ణాపురం ఉల్లి ఉంది, కేపీ ఉల్లి అంటాం. సైజు చిన్నది, ఘాటు ఎక్కువ. మలేషియా, సింగపూర్ వంటి దేశాలకు ఎగుమతి అవుతుంది. మన ఎర్రకారంలో మాత్రం చాలాచోట్ల మార్కెట్లో ఆ రోజు చవకగా దొరికిన గడ్డే పడుతుంది. పండేది ఇక్కడ, తినేది అక్కడ. సరే, అది వ్యాపారం, ఎవర్నీ ఏమీ అనలేం.

పది నుంచి పన్నెండు దాకా ఎక్కడా ఏమీ తినొద్దు. కోర్టు దగ్గర, కలెక్టరేట్ దగ్గర టీ, సమోసా నడుస్తాయి గానీ అవి వాయిదాల మధ్య కాలక్షేపానికి. రిమ్స్ ఆస్పత్రి దగ్గర మాత్రం ఇడ్లీ పార్సిళ్ళు ఏ వేళకైనా తిరుగుతుంటాయి, రోగికి పెట్టేది కదా, అక్కడ కారం తక్కువ, నూనె తక్కువ. పెద్ద వయసు వాళ్ళను వెంట తీసుకొచ్చినప్పుడు ఆ సంగతి గుర్తుంచుకోండి.

ఇక మధ్యాహ్నం. సంగటి.

సంగటి గురించి బయట ఊళ్ళలో చాలా గొప్పగా రాసుకుంటారు, పెద్ద పెద్ద హోటళ్ళలో చిన్న ముద్ద పెట్టి నాటుకోడి పులుసుతో కలిపి బిల్లు వేస్తారు. మన దగ్గర అది కూలి మనిషి తిండి. మెట్ట నేల, వర్షాధారం, రాగులు, జొన్నలు, చెనిక్కాయలు. కర్నూలు-కడప కాలువ కింద, అంటే మన కేసీ కెనాల్ కింద వరి పండే చోట అన్నం, మిగతా చోట సంగటి. ఇప్పటికీ మెస్సుల్లో ఈ రెండూ పక్కపక్కనే నడుస్తాయి. కాలువ కింద పండిన సోనా బియ్యంతో అన్నం, నూకలు, రాగి పిండితో సంగటి.

చేసే పద్ధతిలోనే దాని టైము ఉంది. నూకలో బియ్యమో మెత్తగా ఉడికించి, నీళ్ళు ఇంకా ఉండగానే రాగి పిండి నడుమ కుప్పగా పోస్తారు. కలపరు. మూత పెట్టి సన్న మంట మీద ఆవిరికి వదిలేస్తారు. పిండి ఉడికాక దించి, తప్పెలను కాళ్ళ మధ్య బిగించి, కట్టెతో గట్టిగా కెలుకుతారు. కెలికే మనిషికి భుజబలం ఉండాలి, లేకపోతే పిండి ఉండలు కడుతుంది. ఆ వేడిలోనే చేతికి నీళ్ళు తడుపుకుంటూ ముద్దలు తీస్తారు. అది మెత్తగా ఉండేది వేడిగా ఉన్నంతసేపే. చల్లారితే పైన పొర కట్టి, వేలు దిగదు. అందుకని చాలా మెస్సుల్లో పన్నెండున్నర నుంచి ఒకటిన్నర దాకా సంగటికి మంచి గంట. రెండున్నరకు పోయి "సంగటి గట్టిగా ఉందేందన్నా" అంటే వాళ్ళేం చెప్తారు?

ఆన్‌లైన్‌లో సంగటి తెప్పించుకునే వాళ్ళకు నేను చేతులెత్తి దండం పెడతాను. డబ్బాలో పెట్టి, సంచిలో వేసి, బైకు మీద ఊరంతా తిప్పి ఇంటికి తెచ్చేసరికి అది తినే వస్తువుగా ఉండదు. బిర్యానీ తెప్పించుకోండి, ఎవరూ కాదనరు.

ముద్ద రంగు చూడండి. బాగా తెల్లగా ఉంటే బియ్యం ఎక్కువ, పిండి తక్కువ అని అర్థం. కొత్తవాళ్ళకు అదే నచ్చుతుంది కాబట్టి కొన్ని చోట్ల కావాలనే అలా చేస్తారు. సరుకు వేసేవాళ్ళకు ఈ లెక్క వెంటనే తెలిసిపోతుంది. బోర్డు మీద 'రాగి సంగటి' అని పెద్దక్షరాలు, నెలకు రాగి పిండి ఆర్డరు మాత్రం ఒక్క మూట!

మంచి మెస్సులు తరచుగా ఇళ్ళలోనే ఉంటాయి. ఇంటి ముందు గదిలో నాలుగు టేబుళ్ళు, లోపల వంట. అమ్మ వండుతుంది, కూతురో కోడలో వడ్డిస్తుంది, ఇంటాయన గల్లాపెట్టె దగ్గర కూర్చుని అందరితో రాజకీయం మాట్లాడతాడు. (నవ్వులు) నగరాజుపేట, కో-ఆపరేటివ్ కాలనీ వంటి చోట్ల అద్దెకుండే ఉద్యోగులు, పోటీ పరీక్షల పిల్లలు ఇలాంటి మెస్సుల మీదే బతుకుతారు. అక్కడ రోజూ అవే మొహాలు కాబట్టి రోజూ ఒకే కూర పెట్టడం కుదరదు. సోమవారం వంకాయ, మంగళవారం పుల్లగూర, బుధవారం చింతచిగురు పప్పు, ఇలా తిరుగుతుంది. పక్కన ఊరిబిండి. చెనిక్కాయలు వేయించి, ఎండుమిరపకాయలు, తెల్లగడ్డ, చింతపండు వేసి బరకగా నూరింది. మిక్సీలో మెత్తగా తిప్పేస్తే ఊరిబిండి అనిపించుకోదు. పంటికి పలుకు తగలాలి.

నీసు విషయంలో వారం చూడాలి. ఆదివారం పొట్టేళ్ళు ఎక్కువ కోస్తారు. తలకాయ, కాళ్ళు, బోటి తాజాగా దొరికేది ఆ రోజే. బోటి కడగడం పెద్ద పని. వేడి నీళ్ళతో, సున్నంతో, మళ్ళీ మళ్ళీ కడిగి గీకాలి. ఓపిక లేని చోట మసాలా రెట్టింపు పడుతుంది. ముద్ద నోట్లో పెట్టుకోకముందే లవంగం వాసన గుప్పుమంటే అనుమానించండి. శనివారం మన వాళ్ళలో చాలామంది నీసు ముట్టరు. అందుకే శాకాహారం తినేవాళ్ళకు నేనిచ్చే సలహా, మాంసాహార మెస్సుకు శనివారం మధ్యాహ్నం పోండి. ఆ రోజు పప్పుకు, పులుసుకు వాళ్ళు పెట్టే శ్రద్ధ మిగతా ఆరు రోజులూ ఉండదు.

ఈ పాత హోటళ్ళలో ఒకటి గమనించారా? టేబుల్ మీద నల్ల బండ. మన కడప బండే. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు గనుల నుంచి వస్తుంది. ముంబయిలో వంటింటి గట్లకు, అల్మారాలకు పోయేది ఇదే రాయి. సున్నపురాయి కాబట్టి పులుపు పడితే తట్టుకోలేదు. నిమ్మకాయ పిండిన చోట, చింతపండు రసం ఒలికిన చోట పాలిష్ పోయి తెల్లటి మచ్చ మిగిలిపోతుంది. ఆ మచ్చల్ని బట్టి ఏ మూల ఎక్కువమంది కూర్చుంటారో చెప్పొచ్చు. ఫ్యాన్ కింద టేబుల్ మీద మచ్చ లేని చోటు వెతికినా దొరకదు.

మధ్యాహ్నం మూడు నుంచి నాలుగున్నర దాకా ఊరు నిద్రపోతుంది, హోటళ్ళూ నిద్రపోతాయి. వదిలేయండి.

సాయంత్రం నూనె మీద మాట్లాడాలి. బజ్జీల బండి తెరిచిన మొదటి గంటలో నూనె పలచగా, రంగు లేకుండా ఉంటుంది. రాత్రి ఎనిమిదిన్నరకు అదే నూనె నల్లబడి, నురగ కట్టి, పొగలొస్తుంటుంది. నూనె మళ్ళీ మళ్ళీ కాగితే అందులో కొన్ని పదార్థాలు పేరుకుంటాయి, వాటిని టోటల్ పోలార్ కాంపౌండ్స్ అంటారు. అవి 25 శాతం దాటిన నూనె వాడకూడదని మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ తెచ్చిన నిబంధన 2018లోనే అమల్లోకి వచ్చింది. బండి దగ్గర మనం మీటరు పెట్టి కొలవలేం. కానీ నురగ చూడొచ్చు, వాసన చూడొచ్చు, ఐదింటికి పోయి తినొచ్చు. పొద్దున పూరీలు వేసిన బాణలిలోనే సాయంత్రం బజ్జీలు వేసే చోట ఈ లెక్క కూడా పనిచేయదు. సాయంత్రం మాత్రమే తెరిచే బండి నయం.

మిరపకాయ బజ్జీకి తోడు ఉగ్గాని ఉంటే ఇంకేం కావాలి? బొరుగులు నీళ్ళలో తడిపి, నీళ్ళు పిండేసి, ఎర్రగడ్డలు, పచ్చిమిరపకాయలు, పసుపు తిరగమోతలో వేసి, చివర్లో పప్పుల పొడి చల్లితే ఉగ్గాని. బొరుగులు నీళ్ళలో ఉండాల్సింది క్షణాలే. ఒక్క నిమిషం ఎక్కువైతే గంజి. మన టౌన్‌లో కారం దోశదే రాజ్యం గానీ అనంతపురం, కర్నూలు జిల్లాల వైపు పోయే కొద్దీ పొద్దున టిఫిన్ అంటేనే ఉగ్గాని బజ్జీ.

రాత్రికి కుష్కా. బయట ఊరి వాళ్ళకు చెప్పాలంటే, బిర్యానీలో ముక్క లేకుండా అన్నం మాత్రం. చేతిలో డబ్బు తక్కువున్న చదువుకునే పిల్లలకు అది వరం. డేగిశా మూత తీసిన తొలి అరగంటలో తింటే ముక్క లేదన్న లోటే తెలియదు. పెద్ద దర్గా వైపు సాయంత్రాలు, ముఖ్యంగా ఉరుసు రోజుల్లో, రంజాన్ నెలలో ఆ వీధులే వేరు. ఇఫ్తార్ తర్వాత హలీం దగ్గర మతం అడిగేవాడు ఎవడూ ఉండడు, ఖాళీ కుర్చీ ఎక్కడుందని అడుగుతారు. ఉగాది నాడు దేవుని కడప గుడికి ముస్లింలు పోయి వెంకటేశ్వరస్వామికి దండం పెట్టుకుని వచ్చే ఊరు ఇది. తిండి దగ్గర వేరే మాదిరిగా ఎట్లుంటాం?

ఇప్పుడు టౌన్ దాటి పోదాం. ఇక్కడ కూడా టైమే, కాకపోతే రోడ్డును బట్టి మారుతుంది.

ఉత్తరంగా మైదుకూరు రోడ్డులో పోతే పెన్న ఒడ్డున చెన్నూరు. తమలపాకు తోటలున్న ఊరు. తోటల్లో పని తెల్లవారుజామునే మొదలవుతుంది కాబట్టి అక్కడ టిఫిన్ కూడా తొందరగానే అయిపోతుంది. తొమ్మిదింటికి పోయి "అయిపోయిందన్నా, రేపు బిన్నా రాండి" అనిపించుకున్నవాళ్ళు నాకు చాలామంది తెలుసు. అయిపోయింది అనే హోటల్‌ను నేను నమ్ముతాను. ఎప్పుడు పోయినా అన్నీ ఉన్నాయనే చోటే నాకు టెన్షన్.

పడమటగా ఎర్రగుంట్ల. సిమెంటు ఫ్యాక్టరీలు, రాయి గనులు, అవతల రాయలసీమ థర్మల్ పవర్ ప్లాంటు. అక్కడ హోటళ్ళు షిఫ్టులను బట్టి నడుస్తాయి. షిఫ్టు వదిలే వేళకు సరిగ్గా వేడి వంట దిగుతుంది. లారీ డ్రైవర్లు ఆగే డాబాల్లో రాత్రి పదకొండుకు కూడా పప్పు తిరగమోత కొత్తగా వేస్తారు. ఇంకా ముందుకు పోతే ప్రొద్దుటూరు. రెండో బొంబాయి అని పేరు. బంగారానికి, బట్టలకు ఎక్కడెక్కడి నుంచో వస్తారు, పెళ్ళిళ్ళ సీజన్‌లో మధ్యాహ్నం కూర్చోవడానికి సీటు దొరకదు. బేరం తర్వాత చేసుకుందాం, ముందు పన్నెండుకే భోంచేయండి. కడుపు నిండినవాడు బేరం కూడా బాగా ఆడతాడు.

తూర్పున రాజంపేట రోడ్డులో ఒంటిమిట్ట. కోదండరాముడి కల్యాణం అక్కడ రాత్రి పూట, వెన్నెల్లో జరుగుతుంది. ఆ రోజుల్లో రోడ్డు పక్కన ఎన్ని కొత్త హోటళ్ళు లేస్తాయో! నాలుగు రోజుల కోసం వేసిన హోటల్‌కు మళ్ళీ వచ్చే గిరాకీతో పనిలేదు. అక్కడ అరటిపళ్ళు కొనుక్కోవడం మేలు, లేదా దేవుడి అన్నప్రసాదం.

దక్షిణంగా రాయచోటి రోడ్డు. ఘాట్ రోడ్డు మీద గువ్వలచెరువు. పాలకోవా. నేను చెప్పకముందే మీరంతా నవ్వుతున్నారు. రోడ్డుకు రెండు వైపులా అవే అంగళ్ళు, అన్నీ మాదే అసలైనది అంటాయి. ఎనుము పాలు పెద్ద బాణలిలో పోసి గంటల తరబడి కలుపుతూనే ఉండాలి, చేయి ఆపితే అడుగంటుతుంది. కిలో కోవా కావాలంటే సుమారు 5 లీటర్ల పాలు మరగాలి. ఇప్పుడు ఇంట్లో పాల బిల్లు ఎంతవుతుందో మీకు తెలుసు, లెక్క వేసుకోండి. మరీ చవకగా ఇస్తున్నాడంటే అందులో పాలతో పాటు ఇంకేదో ఉంది. అక్కడ కూడా కలుపుతున్న బాణలి కనపడే అంగడి దగ్గరే ఆగండి.

ధరల గురించి ఒక్క ముక్క. హోటల్‌కు వాడే గ్యాస్ సిలిండర్ 19 కిలోలది, ఇంటి సిలిండర్ ధరకు రాదు. నూనె, పప్పు, మిరపకాయ రోజురోజుకూ మారతాయి. ఒకవైపు అన్న క్యాంటీన్‌లో పూటకు 5 రూపాయలకే భోజనం పెడుతున్నారు, మంచిదే, కూలికి పోయేవాళ్ళు అక్కడ తింటున్నారు. ఇంకోవైపు ఏసీ రెస్టారెంట్లు. నడుమ ఉన్న మెస్సు అమ్మ ప్లేటు మీద పది రూపాయలు పెంచడానికి పది రోజులు ఆలోచిస్తుంది. పెంచినప్పుడు దయచేసి గొడవ పెట్టుకోవద్దు. ధర పెంచలేనివాళ్ళు నూనెలో, పప్పులో, బియ్యంలో తగ్గిస్తారు. నేను సరుకు ఇచ్చిన ఒక హోటల్ అలాగే రంగు కలిపిన చవక కారంపొడికి మారింది. ఆ నెల నుంచి నా దగ్గర కారం కొనడం ఆపేశారు, నేను అక్కడ తినడం ఆపేశాను.

ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు నంబరు 14 అంకెలది గోడ మీద పెట్టి ఉండాలి. చూడండి. దానికంటే ముందు చేయి కడుక్కునే చోటు చూడండి. అక్కడ సబ్బు ఉందా, నీళ్ళు నిలిచాయా, అంతే. వంటిల్లు కూడా దాదాపు అట్లాగే ఉంటుంది.

ఇంక అడగాల్సినవి అడగండి.

(ఒక విద్యార్థిని: సార్, మేం అమ్మాయిలం ఇద్దరు ముగ్గురం కలిసి పోవాలంటే ఎట్లాంటి చోటు బాగుంటుంది?)

మంచి ప్రశ్న అమ్మా. ఆడవాళ్ళు నడిపే మెస్సులు మధ్యాహ్నం పూట, పొద్దున టిఫిన్ బండ్లు, వీటికి ధైర్యంగా పోండి. రెండు సార్లు పోతే మూడోసారి వాళ్ళే "ఏం పాపా, నిన్న రాలేదే" అని అడుగుతారు. హైవే డాబాలు రాత్రి పూట మీకు చెప్పను. అక్కడ తిండి బాగుంటుంది, కానీ ఆ జాగా అందరికీ ఒకేలా ఉండదు. అది మన ఊరు సిగ్గుపడాల్సిన విషయమే గానీ, ఉన్నమాట చెప్పాలి కదా. ఇంట్లోవాళ్ళతో కలిసి సాయంత్రం పోండి, చీకటి పడేలోపు.

(ఒకరు: అన్నా, కారం అసలు తినలేని బంధువులొస్తే?)

దోశ మీద ఎర్రకారం వద్దు, పప్పుల పొడి, నెయ్యి వేయమని అడగండి. అందరూ వేస్తారు. నేను చూసినంతలో పిల్లలకు అదే ఎక్కువ ఇష్టం. సంగటిలోకి పులుసు బదులు నెయ్యి, పప్పు అడగండి, లేదంటే పెరుగు. "కొంచెం కారం తగ్గించి వేయండి" అని మాత్రం అడగొద్దు. కడపలో ఆ కొంచెం ఎంతో ఎవరికీ తెలియదు. (నవ్వులు)

(వెనక నుంచి ఒకరు: కోవా ఎన్ని రోజులుంటుంది? బెంగళూరుకు తీసుకుపోవచ్చా?)

బయట పెడితే రెండు మూడు రోజులు, ఫ్రిజ్‌లో అయితే ఇంకొన్ని. కొన్నప్పుడు వేడిగా ఉంటే డబ్బా మూత వెంటనే బిగించొద్దు. లోపల చెమట పట్టి, ఆ తడికే పుల్లబడుతుంది. చల్లారనిచ్చి మూత పెట్టండి. ఎండాకాలంలో కారు డిక్కీలో మాత్రం పెట్టొద్దు, కాళ్ళ దగ్గర పెట్టుకుని ఏసీలో తీసుకుపోండి. బస్సులో పోయేటట్టయితే రాత్రి బస్సు చూసుకోండి.